పెద్దమ్మ తోమిన మెడల్

శుక్రవారం పొద్దున్నే ఇత్తడి కుందులు చింతపండేసి తోముతుంటే, ఆ పుల్లటి తడివాసనకి నా మనసు ఇప్పటికీ అల్లూరు పక్కన మా ఊరికి పరుగెత్తుతుంది. అక్కడ మా పెదనాయన ఖాకీ చొక్కాకున్న ఇత్తడి గుండీలు పెద్దమ్మ చేతిలో తళతళలాడుతుంటాయి, పిల్లకాయలం నోళ్ళు తెరుచుకుని చుట్టూ కూచోనుంటాం.

పెదనాయన పది నెలలు రైతు, రెండు నెలలు సిపాయి. సేద్యగాళ్ళని ఏడాదికోసారి క్యాంపుకి పిలిచే పటాలం ఒకటుండేది, దాని బ్యాండులో ఆయన పెద్ద డ్రమ్ము వాయించేవాడు. తుపాకి ఇవ్వలేదా అని ఎగతాళి చేసినోళ్ళకి, "డ్రమ్ము ఆగితే తుపాకులోళ్ళ కాళ్ళు తడబడతాయిరా" అనేవాడు. ఇంట్లో డ్రమ్ము ఎక్కడిది? ఎండాకాలం సాయంత్రాలు, సముద్రపు గాలి తిరిగి, వీధంతా చేపలపులుసులో మామిడికాయ ముక్క ఉడికే వాసన కమ్ముకున్న వేళ, ఖాళీ కిరసనాయిలు డబ్బా అరుగు మీద బోర్లించి, గుడ్డ చుట్టిన కర్రతో ధం... ధం... ధధ్ధం అని కవాతు దరువు కొట్టేవాడు. మా బొంగరాలు ఆగిపోయేవి. అబ్బ, ఆ దరువు! చెవిలో కాదు, కడుపులో మోగేది. పెద్దమ్మ మాత్రం "చాల్లే, బర్రె బెదిరి పాలు చేపడంలా" అని విసుక్కునేది.

ఏళ్ళ తరబడి ఒక్క క్యాంపూ తప్పకుండా పోతేనే మెడల్. ఇంకొక్క క్యాంపు పోతే చాలనగా, మాఘమాసంలో, మొలగొలుకుల వరి కోతకొచ్చిన వారంలోనే పిలుపొచ్చింది. తూర్పున సముద్రం మీద మబ్బు కట్టింది. ఆ చేను పోతే ఏడాదంతా ఇంట్లో గింజ ఉండదు. పెదనాయన ట్రంకుపెట్టె మూసి మూలకి నెట్టేసి, "నేను పోను మే. మెడల్ వండుకుని తింటామా?" అన్నాడు పెద్దమ్మతో. పెద్దమ్మ పెట్టె మళ్ళీ తెరిచి, గుండీలు తోమిన చొక్కా మడిచి పెట్టింది.

"చేను నేను జూసుకుంటా. నువ్వు పోయిరా."

ఆయన వెనక్కి తిరిగి చూస్తూ చూస్తూనే బస్సెక్కినాడు.

మర్నాడు కోతకొచ్చినోళ్ళు మబ్బు చూసి బెదిరిపోయి, ఒకరు ముందూ ఒకరు వెనకా చిందరవందరగా కోస్తున్నారు. పెద్దమ్మ ఒక మనిషిని ఇంటికి పంపి ఆ కిరసనాయిలు డబ్బా తెప్పించింది. చెంగు బిగించి, గట్టు మీద డబ్బా బోర్లించి, ధం... ధం... ధధ్ధం! ఇన్నేళ్ళూ విసుక్కుంటూనే ఆ దరువంతా నేర్చేసుకున్నది, మహాతల్లి! ఒక్క తప్పు లేదు. ముందు నవ్వులాటగా మొదలైనా, కాసేపటికి కొడవళ్ళన్నీ ఆ దెబ్బకే కదిలాయి. వరస ఒక్కటై చేలో ముందుకి పోతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. పెదనాయన చెప్పే కవాతు అంటే ఇదేనని అప్పుడు తెలిసింది. పొద్దుగూకేలోగా పనలు మెరక మీదికి చేర్చి కుప్పేసి, తాటాకులు కప్పారు. ఆ తర్వాతే తొలి చినుకు పడింది.

మరుసటేడు మెడల్ వచ్చింది. రంగు రిబ్బనుకి వేలాడే వెండి బిళ్ళ, అంచున పెదనాయన పేరు. ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. ఆయన దాన్ని చొక్కాకి పెట్టుకోలేదు. అందరి ముందూ పెద్దమ్మ చేతిలో పెట్టి, కాళ్ళు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టినాడు. "సిగ్గులేదూ, మనుషులు జూస్తా ఉండారు" అని ఆమె లోపలికి పారిపోయింది.

మెడల్ దేవుడి గూట్లోకి చేరింది. ప్రతి శుక్రవారం కుందులతోపాటు దానికీ చింతపండు, బూడిద. పేరు అరిగిపోతోందని మా అన్న చెప్పబోతే పెదనాయన ఆపేశాడు.

"తోమనీరా. ఆమె మెడల్, ఆమె ఇష్టం."

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ చేను రొయ్యల గుంటయింది, కిరసనాయిలు డబ్బాలూ కనపడవు. మెడల్ నా దగ్గరుంది; రిబ్బను పీలికైంది, పేరు పూర్తిగా అరిగిపోయింది. కుందులయ్యాక దాన్నీ తోముతాను. ఈ బిళ్ళ ఎవరిదని మనవరాలు అడిగితే, పటాలం వాళ్ళు మా పెద్దమ్మకిచ్చారని చెప్తాను.