బూజు పట్టని హాలు

మా అక్క పోయింది. తోడబుట్టింది కాదు. కువైట్‌లో నేను డ్రైవరుగా ఉన్న ఇంట్లోనే పనిచేసిన అన్నమయ్య జిల్లా మనిషి. నేను కోనసీమవాణ్ణి. జబ్బుపడి ఈ చలికాలం మధ్యలోనే ఊరెళ్ళింది. మొన్న ఫహాహీల్‌లో బండి కడిగిస్తుంటే వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "అమ్మ లేదన్నా" అన్నాడు. ఇంటికొచ్చి మామాకి, అంటే ఇంటావిడకి, చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ తడి ఆరకముందే, "మరి ఇప్పుడు తివాచీలు ఎత్తి చూసేదెవరు? కింద చెక్క బూజు పడుతుంది" అంది. ఛీ అనిపించింది. అప్పట్నుంచీ అన్నం ముందు కూర్చుంటే ఆ మాటే గుర్తొస్తోంది.

హాల్లో చెక్క నేల వేయించిన మొదటి చలికాలం, పండగ ముందు అక్క మన ఇళ్ళు కడిగినట్టే దాన్నీ కడిగేసింది. బకెట్లతో నీళ్ళు, ఫినాయిలు, చీపురుతో బరబరా. ఇక్కడ టైల్స్ ఉన్న ఇళ్ళన్నీ అలాగే కడుగుతారు కాబట్టి ఎవరూ వద్దనలేదు. పైపైన ఆరగానే మామా ఉన్ని తివాచీ పరిపించి, కిటికీలు బిగించి, హీటర్లు పెట్టించింది. కొన్నాళ్ళకి కుళ్ళు కంపు మొదలైంది. మామా దాని మీద బుఖూర్ ధూపం వేయించింది. ఆ ధూపమూ ఆ కంపూ కలిసి, హాల్లోకి ముక్కు మూసుకునే వెళ్ళేవాళ్ళం. చివరికి తివాచీ ఎత్తితే, మూత పెట్టి మరిచిపోయిన పచ్చడి మీదలా ఆకుపచ్చ నూగు, దాని కింద జిగట, నల్లబడ్డ చెక్క. నేను బయటికి పరుగెత్తి కక్కుకున్నాను.

చెక్క బాగుచేయించారు. తివాచీని మాత్రం పారేయలేదు. "పాడుచేసింది నువ్వేగా, నీ గదిలోనే ఉండనీ" అంది మామా. అక్క గది మెట్ల కింద. కిటికీ లేదు. మంచం పక్కనే గోడకి ఆ తివాచీని చుట్టి నిలబెట్టారు. దాన్ని తీయించమని అక్క అడగని చలికాలం లేదు. ప్రతిసారీ ఒకటే జవాబు, "ఇన్షా అల్లా, చూద్దాం."

ఆ తర్వాత హాల్లో చుక్క నీరు నిలవనిచ్చేది కాదు అక్క. గుడ్డ గట్టిగా పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో మళ్ళీ తుడిచేది. చలి అని మామా అరుస్తున్నా ఎండ వేళ కాసేపు కిటికీలు తెరిచేది. హీటరు మీద తడిబట్టలు ఆరేస్తే మామా పిల్లల్ని కూడా వదిలేది కాదు. శుక్రవారం నాచేత హాల్లో కొత్తగా వేసిన తివాచీ అంచు ఎత్తించి, మోకాళ్ళ మీద వంగి నేలని వాసన చూసేది.

"ఏంటక్కా, అక్కడేమన్నా బిర్యానీ దమ్ అవుతుందా?" అనేవాణ్ణి.

"నవ్వు నాయనా, నవ్వు. కంటికి కనపడేలోగా ముక్కుకు తెలుస్తాది. కనపడినాక ఇంగ ఏం చేసినా కంపే."

ధూపం సంగతెత్తితే మూతి తిప్పేది. "కంపు మీద పొగేస్తే కంపు పోతాదా అబ్బీ? రెండు కంపులైతాయి, అంతే."

నాకు జ్వరమొస్తే మిరియాల చారు కాచి తెచ్చి, "మీ కోనసీమ నాలుకకు కారం తగిలిందా?" అని వెక్కిరించేది. ఈ దేశంలో నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది ఆవిడొక్కతే.

తనకి దగ్గు పట్టుకుంది. తన గదిలో తివాచీ నేనే లాగి పారేస్తానంటే, "వద్దు అబ్బీ, నీ ఇఖామా వాళ్ళ చేతిలో ఉండాది" అని ఆపేసింది. ఇక్కడ ఉండనిచ్చే ఆ పర్మిట్ వాళ్ళు రద్దు చేయిస్తే నేను ఊరికి పోవాల్సిందే. ఆ దగ్గుకి కారణం అదేనని ఏ డాక్టరూ అనలేదు. నాకు డాక్టరు చెప్పక్కర్లేదు.

నిన్న ఎవరినీ అడక్కుండా ఆ దరిద్రాన్ని ఈడ్చుకెళ్ళి వీధి చెత్తడబ్బాలో పడేశాను. మామా చూస్తూనే ఉంది. వెనక్కొచ్చి అక్క గదిలో లైటు వేశాను. మంచం పక్క గోడంతా నల్లటి బూజు, పైకప్పు దాకా. ముట్టుకుంటే వేళ్ళకి అంటుకుంటోంది. తలగడ దగ్గర మాత్రం, పడుకుని చెయ్యి చాపితే అందినంత మేర, గోడ తెల్లగా ఉంది. రోజూ తుడుచుకునేదన్నమాట. ఇప్పుడు ఆ తెలుపు అంచుల నుంచి నల్లచుక్కలు లోపలికి వస్తున్నాయి.