మస్తాన్ సాబు నేర్పిన భయం

నిన్న మా వీధి చివర పెళ్ళిపందిట్లో కూర్చున్నానో లేదో, మైకు పెట్టెలోంచి కాలుతున్న వార్నిష్ వాసన వచ్చింది. ఎవరికీ పట్టలేదు. నాకు మాత్రం అరచేతుల్లో చెమట పట్టింది. డెబ్బై దాటినా ఆ వాసనంటే నాకు భయమే. ఆ భయాన్ని నేర్పినవాడు కడప స్టేషను రోడ్డులో రేడియోలు బాగుచేసే మస్తాన్ సాబు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను ఆయన దుకాణంలో పనిచేసేవాణ్ణి. అప్పటికే పెళ్ళయింది, పని వచ్చేసిందన్న పొగరూ ఉంది. సభలకూ హరికథలకూ మైకు సెట్లు బాడుగకిచ్చేవాళ్ళం. సొంతంగా ఒక ఆంప్లిఫయరు చేస్తానని, గీసిన బొమ్మ ఆయన ముందు పెట్టాను. ఎంత గట్టిగా మోగుతుందని అడుగుతాడనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇది సస్తే ఎట్ల సస్తాది?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "ఒంటిగా సస్తాదా, మనిషిని ఎంటబెట్టుకోని పోతాదా? అది జెప్పు ముందు."

ఫ్యూజు ఎక్కడో, ఎర్తు తీగ ఎక్కడో చూపించాను. "సెగలు గక్కే వాల్వులకీ ట్రాన్స్‌ఫార్మరుకీ నడుమ జానెడు ఎడం పెట్టప్పా. మన ఎండలకి పెట్టెకు ఊపిరాడాల" అన్నాడు. తలూపాను గానీ, సైకిలు క్యారియరు మీద పట్టాలని పెట్టెను చిన్నదిగానే చేశాను. నగలపెట్టెలా ఉందని మురిసిపోయాను కూడా.

మొదటి కార్యక్రమం ఎర్రగుంట్ల దగ్గర ఒక పల్లెలో, నడివేసవిలో, సాయంత్రం నాలుగింటికి హరికథ. చెప్పేది రంగనాయకమ్మ అనే నడివయసావిడ. నేను మధ్యాహ్నమే వెళ్ళి ఒక రికార్డు వేశాను. అరగంటకు పెట్టె వేడెక్కి, ట్రాన్స్‌ఫార్మరు మీది వార్నిష్ కాలే వాసన వచ్చి, ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది. ఊరి పెద్దరెడ్డి, "ఏమప్పా, మీ పెట్టెకు అప్పుడే గొంతు పడిపాయనా?" అన్నాడు. జనమంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఫ్యూజు తీసేసి అక్కడ లావు రాగితీగ బిగించాను. ఇక ఆగదు గదా అనుకున్నాను.

ఎర్తు కడ్డీని నెర్రెలిచ్చిన నేలలో దిగగొట్టాను. అంత ఎండిన నేలలో, దాని మొదట్లో బిందెడు నీళ్ళు పోస్తే గానీ అది పనిచెయ్యదు. ఆ ఊళ్ళో తాగే నీళ్ళే మైలు దూరం నుంచి మోసుకొస్తున్నారు. అడగడానికి మొహం చెల్లక ఊరుకున్నాను. మైకు హారను జనం వైపు తిప్పి కట్టడానికి నేను స్తంభం ఎక్కినప్పుడు, పెట్టె కాలిపోతోందని ఎవరో పుణ్యాత్ముడు గోనెపట్ట తడిపి దానిమీద కప్పాడు, మంచినీళ్ళ కుండకు చుట్టినట్టు.

నా పెట్టె ఎట్లా మోగుతుందో చూద్దామని అప్పుడే బస్సు దిగి వస్తున్న మస్తాన్ సాబు అది చూశాడు. రంగనాయకమ్మ గజ్జెలు కట్టుకుని, ఉత్తకాళ్ళతో నిలబడి, మైకు స్టాండు సర్దుకోవడానికి చెయ్యి చాపుతోంది.

"ముట్టుకోవాకమ్మా, ఆగు!"

ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. నేను దిగి వచ్చేసరికి ఆయన స్టాండుకు టెస్టరు ఆనించి ఉన్నాడు. అది ఎర్రగా వెలుగుతోంది. గోనెలోంచి కారిన నీళ్ళు పెట్టెలోకి దిగాయి. కరెంటు పెట్టె రేకుకు ఎక్కి, అక్కణ్ణుంచి తీగ వెంట స్టాండు దాకా వచ్చింది. దాన్ని ఆపాల్సిన ఫ్యూజునూ, నేలలోకి లాగాల్సిన ఎర్తునూ నేనే పనికిరాకుండా చేశాను.

మెయిను ఆపి, ఆయన ఎర్తు కడ్డీ వైపు చూశాడు. "నీళ్ళు పోయాల్సింది ఆడప్పా" అన్నాడు మెల్లగా. పెట్టె తెరిచి రాగితీగ తీసి నా చేతిలో పెట్టాడు. "పో, ఆయమ్మకు నువ్వే చెప్పు."

"ఏమని చెప్పేది సాబూ?"

"జరిగింది జరిగినట్టు చెప్పు."

చెప్పాను. ఆవిడ తన అరచేతిని కాసేపు చూసుకుంది. "ఇద్దురు ఆడబిడ్డలుండారు నాయనా నాకు. నాయన లేని పిల్లోళ్ళు" అంది. అంతే. తిట్టినా బాగుండేది. మైకు లేకుండానే రెండు గంటలు కథ చెప్పింది. ఒక్క ముక్కా నా చెవికెక్కలేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పెట్టెలు చేశాను. మూత బిగించబోతే చాలు, నేనెన్నడూ చూడని ఆ ఆడపిల్లలిద్దరూ ఎదురుగా నిలబడి, మా అమ్మ యాడ అని అడిగేవాళ్ళు. మళ్ళీ మూత తీసేవాణ్ణి.