మంచుకొండ మీద సన్మాన శాలువాలు

ఎవరైనా శాలువా కప్పుతామంటే చాలు, ఈమధ్య నాకు వణుకొస్తోందండి. మొన్న మా వర్తక సంఘం మీటింగులో ప్రెసిడెంటు గారు శాలువా మడత విప్పుతుంటే, బీపీ మాత్ర వేసుకోవాలని చెప్పి మెల్లిగా బయటికి జారుకున్నాను. పాపం, వాళ్లంతా నా వినయం అనుకున్నారు. వినయం కాదండి, మనాలి గుర్తొచ్చింది. కూర్చోండి, టీ చల్లారేలోపు చెప్పేస్తాను. నవ్వుకోండి, ఏం పర్లేదు. మా ఆవిడ దగ్గర మాత్రం ఈ ప్రస్తావన తేకండి.

తాడేపల్లిగూడెంలో మాది స్టీలు సామాన్ల కొట్టు. కొట్టు చిన్నదే గానీ నా నోరు పెద్దది. ఊళ్లో ఏ సభ జరిగినా మైకు నా చేతికి రావాల్సిందే. స్కూలు వార్షికోత్సవమా, ఎవరిదైనా రిటైర్మెంటా, వందన సమర్పణ మాత్రం నేనే. పాతికేళ్ల నుంచి ప్రతి సభ చివరా నా భుజాల మీద ఒక శాలువా పడుతూనే ఉంది. ఎర్రవి, మెరూన్‌వి, పచ్చవి, అన్నిటికీ జరీ అంచులే. బీరువాలో కింది రెండు అరలూ వాటివే. మొత్తం నలభై మూడు. ఎవరికైనా ఇచ్చేద్దామండీ, చీరలు పెట్టుకోడానికి చోటు లేదు అని మా ఆవిడ అంటే, గౌరవాన్ని ఎవరైనా దానం చేస్తారా అని కసిరేవాణ్ని.

మా ఆవిడ పేరు విజయ. ఆవిడ పుట్టింది కొల్లేటి లంకలో. చిన్నప్పుడు తాటి దోనె మీద నిలబడి, గెడ వేసుకుంటూ బడికెళ్లిన మనిషి. పెళ్లయిన ఈ ముప్పై ఏళ్లలో నన్ను ఇది కావాలని అడిగింది లేదు. అలాంటిది, వట్లూరులో ఉండే వాళ్ల చెల్లెలు పద్మ ఒక వీడియో పంపింది. పద్మ అక్కడి కాలేజీలో లెక్చరరు. మనాలి వెళ్లి, కాళ్లకి పొడుగాటి బద్దలు తొడుక్కుని, మంచు మీద సర్రున జారుకుంటూ వస్తోంది. స్కీయింగ్ అంటారట. విజయ దాన్ని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ నెమ్మదిగా అంది. "ఏవండీ, నేనూ ఒక్కసారి అలా పైనుంచి కిందికి రావాలండీ. మోకాళ్లు బావుండగానే."

కాదనలేదండి. ఆ మాత్రం మంచివాణ్నే. జనవరికి టిక్కెట్లు తీశాను. అప్పట్నుంచి చూడాలి ఆవిడ కష్టం. పొద్దున్నే నడక. వంటింట్లో గట్టు పట్టుకుని, కుక్కరు మూడు విజిల్స్ వేసేదాకా మోకాళ్లు వంచి అలాగే నిలబడటం. పద్మ చెప్పిందట, కాళ్లు గట్టిపడాలని. మూడు నెలలు ఒక్కరోజు మానలేదు. నేను పేపరు చదువుకుంటూ, "ఒలింపిక్స్ ఎప్పుడు?" అని అడిగేవాణ్ని. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఇక ఏమేం పట్టుకెళ్లాలో పద్మ లిస్టు పంపింది. ఒంటికి అంటుకునే థర్మల్స్, వాటి మీద ఉన్ని స్వెటరు, దాని మీద నీళ్లు పట్టని చలికోటు, నీళ్లు పట్టని ప్యాంటు, గ్లవ్స్, నల్ల కళ్లద్దాలు, మొహానికి సన్‌స్క్రీను. మంచుకొండ మీద ఎండకి మందేవిటండీ అని నేను అక్కడే లిస్టుని కొట్టిపారేశాను. అడుగున మళ్లీ ప్రత్యేకంగా రాసింది. మామూలు బట్టలు మాత్రం వేసుకోకండి, ఒకసారి తడిస్తే ఇక ఆరవు అని. తన కోటూ ప్యాంటూ గ్లవ్సూ అక్కకి పంపించింది. బావగారికి నావి పట్టవు, ఆయనకి కొనండక్కా అని ఫోన్లో చెబుతుంటే నాకు వినపడుతూనే ఉంది.

నాకు కొనడం ఎందుకండీ? ఇంట్లో నలభై మూడు శాలువాలు పెట్టుకుని, ఇంకో కోటు కొనుక్కుంటే ఊళ్లో పరువేం కాను? ఇదే మాట విజయతో అన్నాను. అవి పల్చటివండీ, ఫొటోకి తప్ప దేనికీ పనికిరావు అంది. నాకు పౌరుషం వచ్చింది. సరే, పరీక్షించి చూపిస్తానన్నాను.

ఆకివీడులో మా స్నేహితుడు సుబ్బరాజు గారికి ఐస్ ఫ్యాక్టరీ ఉంది. చేపల లారీలకి ఐసు వెళ్లేది అక్కణ్నించే. ఒక ఆదివారం మూడు శాలువాలు పట్టుకుని వెళ్లి, అవి కప్పుకుని, ఐసు దిమ్మలు పేర్చిన గదిలో వాచీ చూసుకుంటూ ఐదు నిమిషాలు నిలబడ్డాను. పనివాళ్లు ఐసు కొట్టడం ఆపేసి, ఎవరో పెద్దమనిషి మొక్కు తీర్చుకుంటున్నాడనుకుని చూస్తున్నారు. బయటికొచ్చి, చూశారా, ఏమీ కాలేదు అన్నాను.

సుబ్బరాజు గారు మర్యాదస్తులు. "ఐదు నిమిషాలకైతే చేప కూడా బానే ఉంటుందండి" అన్నారు.

ఆయన మాట వేళాకోళం అనుకున్నాను. ఇంటికొచ్చి, పరీక్ష పాసయ్యానని విజయకి చెప్పాను. శాలువాలు చేపల వాసన వస్తున్నాయని తీసుకెళ్లి డాబా మీద ఆరేసింది. అంతకుమించి వాదించలేదు. ఒప్పుకుందనుకున్నాను.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం సామానంతా కొట్టుకి తెచ్చి కాటా మీద తూచాను. విమానంలో చేతి సంచి ఏడు కిలోలు దాటకూడదట. పదకొండు శాలువాలు పెట్టిన నా సంచి ఎనిమిదిన్నర తూగింది. ఇదేవిటబ్బా అని శాలువాలన్నీ తీసి చూస్తే, అడుగున కవరులో మడతపెట్టి ఉంది. నీలం రంగు చలికోటు. సరిగ్గా నా కొలత. జేబులో ఒక జత గ్లవ్స్. నాకు చెప్పకుండా ఆన్‌లైన్లో తెప్పించి, నా శాలువాల కింద దాచిపెట్టింది.

అప్పుడు నేనేం చేయాలండీ? మనసు కరగాలి. నాకేమో ఒళ్లు మండింది. నలభై మూడు సభలు నమ్మిన మనిషిని ఇంట్లో ఒక్కరూ నమ్మరే అనిపించింది. ఆ కోటు తీసి, ఇడ్లీ పాత్రల వెనక అరలో తోసేశాను. శాలువాలు మళ్లీ సర్దేశాను. కాటా ఏడు దగ్గర ఆగింది. విజయకి చెప్పలేదు. చెబితే గొడవ అవుతుందని చెప్పలేదు, అంతే.

మనాలిలో దిగిన మర్నాడు పొద్దున్నే కారులో మంచు వైపు బయల్దేరాం. దారంతా కోట్లు అద్దెకిచ్చే కొట్లే. డ్రైవరు ఒకచోట ఆపాడు. విజయ అప్పటికే పద్మ పంపిన ఎర్రకోటు, నల్లప్యాంటు వేసుకుని తయారుగా ఉంది. ముప్పై ఏళ్లలో ఆవిడని అలా చూడటం అదే మొదలు. ఎంత బావుందో. ఆ మాట అనాల్సింది. అనకుండా, "రాకెట్టు ఎన్నింటికి?" అన్నాను. నేను నాలుగు శాలువాలు బిగించాను. ఒకటి నెత్తికి, ఒకటి వీపుకి, ఒకటి అడ్డంగా, ఒకటి నడుముకి. ఎక్కడికక్కడ పిన్నీసులు. ఊరందరూ తొడిగి విడిచిన కోటు నేను వేసుకోనని అద్దె కొట్టువాడికి నాకొచ్చిన హిందీలో చెప్పాను. విజయ నన్ను బలవంతం చేయలేదు. ఆ చేతి సంచి మాత్రం పైకి పట్టుకురండి అంది. ఎందుకందో నాకు తెలుసు. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా. లక్షలమంది ముందు మాట్లాడమన్నా మాట్లాడే నోరు, అప్పుడు మూసుకుపోయింది.

రోప్‌వేలో పైకెళ్లాం. ఎటు చూసినా తెలుపే. నన్ను చూసి ఎవరో ఉత్తరాది కుటుంబం వాళ్లు ఆగారు. వాళ్లలో ముసలావిడ వంగి నా కాళ్లకి దణ్ణం పెట్టింది. తపస్సులోంచి లేచొచ్చిన బాబా అనుకున్నట్టున్నారు. నేనూ కాదనకుండా దీవించేశాను. సన్మానం అలవాటైన ప్రాణం కదండీ.

స్కీయింగ్ నేర్పే అతను సన్నగా, మంచివాడిలా ఉన్నాడు. విజయ కాళ్లకి బద్దలు తొడిగి, పడిపోతుందేమోనని చేతులు చాపి నిలబడ్డాడు. ఆవిడ పడలేదు. మోకాళ్లు కొంచెం వంచి, నడుము సర్దుకుని, కొల్లేట్లో దోనె మీద నిలబడినట్టు నిలబడింది. ఇంతకుముందు చేశారా అని అతను ఆశ్చర్యపోయి అడిగాడు. గంటసేపు చదునుగా ఉన్నచోట అటూ ఇటూ జారించాడు. ఆ తర్వాత, ఇక పైకి వెళ్దాం, ఈ వాలు మొత్తం మీరే కిందికి రావచ్చు అన్నాడు. విజయ నా వైపు తిరిగింది. ఆ మొహంలో వెలుగు పెళ్లిలో కూడా చూడలేదు నేను. వీడియో బాగా తీయండి, పద్మకి పంపాలి అని చెప్పి, అడ్డంగా అడుగులేస్తూ వాలు ఎక్కడం మొదలుపెట్టింది.

వీడియో బాగా రావాలని నేను పక్కకి నాలుగడుగులు వేశాను. నాలుగో అడుగు మోకాలి దాకా దిగిపోయింది. వెల్లకిలా పడ్డాను. లేద్దామంటే నడుముకి కట్టింది కాళ్లకి చుట్టుకుంది, నెత్తిది కళ్ల మీదికి జారింది, వీపుది ఒంటి కింద ఇరుక్కుంది. పిన్నీసులు ఒకటొకటే గుచ్చుకుంటున్నాయి. ఎలాగో లేచి కూర్చునేసరికి మెడలోంచి నడుము దాకా మంచు. అది కరగడం మొదలైంది. శాలువాలు తడిసి ఒంటికి అతుక్కుపోయాయి. అప్పుడే గాలి లేచింది. పళ్లు టకటకలాడుతున్నాయి. ఫోను పట్టుకుందామంటే వేళ్లు ముడుచుకోవు. సుబ్బరాజు గారి చేప గుర్తొచ్చింది.

విజయ అప్పటికి సగం ఎక్కింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. వెంటనే బద్దలు విప్పేసి, పడుతూ లేస్తూ దిగొచ్చింది.

"కంగారు పడకండి. మీ కోటు నేను సంచి అడుగున పెట్టాను" అంది.

ఆ ధీమా వింటుంటే చలి కంటే అదే ఎక్కువ కోసిందండి. సంచిలో చెయ్యి పెట్టింది. మెరూన్ శాలువా వచ్చింది. పక్కన పడేసి మళ్లీ పెట్టింది. పచ్చది. మళ్లీ పెట్టింది. ఇంకో మెరూన్. చివరికి సంచి బోర్లించింది. ఏడు శాలువాలూ, ఒక కారప్పొడి డబ్బా మంచు మీద పడ్డాయి. సంచి లోపల చేత్తో తడిమి చూసి, "ఏదండీ కోటు?" అంది.

అబద్ధం చెప్పడానికి కూడా దవడ కదలాలి కదా. "కొట్లో ఉంది. ఇడ్లీ పాత్రల వెనకాల" అన్నాను.

విజయ తన ఎర్రకోటు విప్పి నాకు తొడిగింది. పొట్ట దగ్గర గుండీలు పడలేదు, అయినా మెడ దాకా లాగి కప్పింది. గ్లవ్స్ కూడా నాకే వేసింది. ఆవిడ ఒట్టి స్వెటరు మీద నిలబడింది. ఈయన్ని వెంటనే కిందికి తీసుకెళ్లండి అని ఆ స్కీయింగతను చెప్పాడు. విజయ ఒక్కసారి వాలు పైకి చూసి, బద్దలు అతనికి ఇచ్చేసింది. ఆ చూపు నేను చూశాను. చూడకపోయినా బావుండేది.

మర్నాడు నాకు జ్వరం. బయట మాత్రం చక్కటి ఎండ. నువ్వు వెళ్లిరా విజయా, నేను పడుకుంటాను అని పదిసార్లు చెప్పాను. మిమ్మల్ని ఇలా వదిలేసి ఎలా వెళ్తానండీ అంటూ రోజంతా వేణ్ణీళ్లు కాచి ఇస్తూ, మధ్యమధ్యలో కిటికీ దగ్గర కూర్చుంది. ఆ కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. ఆ మర్నాడు తిరుగు ప్రయాణం. ఎన్ని వందల వందన సమర్పణలు చేశానో, ఒక్క క్షమాపణకి మాత్రం మాటలు దొరకలేదు. విమానంలో ఎలాగో, తప్పయిపోయింది అన్నాను. పర్లేదులెండి అంది. ఆడవాళ్లు పర్లేదులెండి అంటే ఏమిటో మీకూ తెలుసు.

ఊరొచ్చాక కొట్టుకి వెళ్లి ఆ కోటు తీసి వేసుకు చూశాను. కుట్టించినట్టు సరిపోయింది. మిట్టమధ్యాహ్నం తాడేపల్లిగూడెంలో, చెమటలు కారుతుంటే, కాసేపు అలాగే కూర్చున్నాను. ఎంతో ఆలోచించి కొన్నట్టుంది. లోపలి జేబు నా బీపీ మాత్రలకి సరిపోతుంది.

ఇప్పుడు పద్మ వాళ్ల కాలేజీ ఆడవాళ్లంతా మళ్లీ వెళ్తున్నారు. మార్చి మొదట్లో ఇంకా మంచు ఉంటుందట. విజయ కూడా పేరిచ్చింది. వంటింట్లో మళ్లీ మూడు విజిల్స్ కసరత్తు మొదలైంది. ఈసారి నేనేమీ అనలేదండి, కుక్కరు కట్టేసే పని కూడా నేనే పెట్టుకున్నాను. నిన్న సాయంత్రం పెట్టె సర్దుకుంటోంది. నేను బుద్ధిగా నా నీలం కోటు తెచ్చి మంచం మీద పెట్టి, అన్నీ సర్దేశావా, ఏమైనా మర్చిపోయావేమో చూసుకో అన్నాను.

ఆవిడ ఆ కోటు చక్కగా మడతపెట్టి నా చేతిలో పెట్టింది.

"అన్నీ పెట్టుకున్నానండీ. మిమ్మల్ని ఒక్కరినే తీసి పక్కన పెట్టాను" అంది.

అక్కర్లేని బరువు ఇంట్లో వదిలేసి వెళ్లాలని ఆవిడకి నేర్పింది నేనే.