నరసమ్మగారి సన్నాలు

సుందరమ్మ బియ్యం కొలవడం చూస్తే కొత్తవాళ్ళకి నవ్వొస్తుంది. పూటకి తవ్వా సోలెడు కొలిచి గిన్నెలో పోస్తుంది. పోశాక అందులోంచి ఒక పిడికెడు తీసి మళ్ళీ డబ్బాలో వేస్తుంది. ఆ పిడికెడేదో ముందే తక్కువ కొలవొచ్చు కదా అని ఆమె భర్త బుచ్చిబాబు ఒకసారి అననే అన్నాడు. "అలా చేస్తే తక్కువ వండినట్టుంటుందండీ. ఇలా అయితే మిగిల్చినట్టుంటుంది," అంది సుందరమ్మ. తాలూకా ఆఫీసులో గుమాస్తాగిరీ చేసే మనిషికి ఆ తేడా ఏమిటో బోధపడలేదు. ఆ ఇల్లు నడుస్తున్నది మాత్రం ఆ తేడా మీదే.

నయాపైసలొచ్చిన మరుసటి ఏడు అది. ఏలూరు పవర్‌పేటలో రెండు గదుల అద్దె ఇల్లు, వెనకాల గేదెకి ఒక పాక. అణా పెడితే వచ్చే తోటకూర కట్ట ఆరు నయాపైసలన్నారు, సరే అంది. వారం తిరక్కుండా ఎనిమిదన్నారు, అదీ సరే అంది. ఎనిమిదిచ్చి కట్ట చేతిలోకి తీసుకుంటే అది పాతదాంట్లో సగం లేదు. ప్రభుత్వం వారు బుచ్చిబాబుకి కరువు భత్యం అయిదు రూపాయలు పెంచిన నెలలోనే ఇంటాయన అద్దె ఆరు రూపాయలు పెంచాడు. ఈ ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారేమోనని సుందరమ్మకి ఇప్పటికీ అనుమానం.

ఆవిడ చెయ్యనిది లేదు. కట్టెల పొయ్యి మానేసి ఊక పొయ్యి పెట్టింది. ఆ పొగకి కళ్ళు ఎర్రబడితే పిల్లలు అమ్మ ఏడ్చిందనుకునేవాళ్ళు. అరటిదవ్వ కూర, అరటిపువ్వు కూర, అరటికాయ తొక్కు పచ్చడి, ఒక్క చెట్టుని వారమంతా వండేది. గంజిలో కొంత బట్టలకి, మిగతాది గేదెకి. కాఫీ పొద్దున్న ఒక్కసారే, అదీ మగాయనకే. ఇంత చేసి ఊపిరి పీల్చుకుందామనుకుంటే గుమ్మంలో ఎవరో ఒకరు చెప్పులు విప్పేవారు. ఏలూరు జిల్లాకి ముఖ్యపట్టణం కావడం ఆవిడ చేసుకున్న పాపం. కోర్టుకొచ్చినవాడూ, ఆస్పత్రికొచ్చినవాడూ, కలెక్టరాఫీసులో అర్జీ పెట్టుకునేవాడూ, అత్తవారి ఊరి నుంచి వచ్చిన ప్రతివాడికీ భోజనం వాళ్ళింట్లోనే. "భోంచేసి వెళ్ళండి" అనకుండా బుచ్చిబాబు ఎవరినీ పంపడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఏమిటో తెలియాలంటే ఆ ఇంటికి రావాలి.

ఇన్నాళ్ళూ కాస్తో కూస్తో ఈడ్చుకొచ్చిందంటే ఊరి నుంచి వచ్చే బియ్యం వల్ల. తాడేపల్లిగూడేనికి దక్షిణంగా, కొల్లేటి వైపు పల్లంలో బుచ్చిబాబుకి రెండెకరాల వాటా ఉంది. అన్నగారు తాతారావు తన చేనుతో పాటు అదీ చేసి, ఏటా ఎనిమిది బస్తాల బియ్యం బండి మీద పంపేవాడు. అందులో సగం సన్నాలు. ఆ విత్తనం అత్తగారు వెంకటనరసమ్మ కాపరానికొచ్చేటప్పుడు పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిందట. దిగుబడి తక్కువని ఊళ్ళో ఇంకెవరూ వెయ్యలేదు. అందుకే నరసమ్మగారి సన్నాలని పేరు పడ్డాయి. అన్నం ఉడుకుతుంటే వేయించిన పెసరపప్పు వాసనొచ్చేది. ఆవిడ పోయి ఆరేళ్ళయినా తాతారావు ఆ విత్తనం మానలేదు. ఆ గింజ గురించి ఎత్తితే రైలు తప్పిపోతున్నా లేచేవాడు కాదు.

ఈ ఏడు ఎనిమిదికి మూడే వచ్చాయి, అవీ ముతకవి. బండివాడితో కబురు కూడా వచ్చింది: "కొల్లేరు ఎగదన్నింది. పల్లపు చెక్క మొత్తం మునిగిపోయింది. సన్నాలు ఒక్క గింజ చేతికి రాలేదు. ఈ మూడూ నా వాటాలోంచే పంపుతున్నాను." బుచ్చిబాబు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "చూశావా అన్నయ్య మనసు" అన్నాడు. సుందరమ్మ బస్తాలు చూసింది.

ఫాల్గుణం వెళ్ళేసరికి మూడో బస్తా మూతి విప్పాల్సొచ్చింది. ఇక ముందు బియ్యం కొనాలి. కొనాలంటే డబ్బు కావాలి. డబ్బుకి బుచ్చిబాబు రెండు రోజులాలోచించి గేదెనమ్మేద్దామన్నాడు. అది వెంకటనరసమ్మ పోయే ముందు "చిన్న కోడలికి" అని పలుపు చేతికిచ్చిన పెయ్య. ముగ్గురు పిల్లలకీ పాలు దానివే, మజ్జిగ దానివే, వీధిలో రెండిళ్ళకి పోసే పాల డబ్బుతోనే ఉప్పూ చింతపండూ. వట్లూరు నుంచి సూర్రావనే బేరగాడు వచ్చి పళ్ళు చూసి, పొదుగు చూసి, శుక్రవారం తోలుకుపోతానన్నాడు. సుందరమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. తినకపోతే పోయింది, ఆ అన్నం పొద్దున్నకి చద్దికి పనికొచ్చింది.

ఆదివారం నాడు చింతపండు కోసం అప్పారావు కొట్టుకి వెళ్ళింది. ముందు వరసలో కొత్త బస్తా ఒకటి మూతి విప్పి ఉంది. ఊరికే చెయ్యి పెట్టి చూసింది. పెట్టిన చెయ్యి ముక్కు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"ఎక్కడివండీ ఇవి?"

"మంచి సరుకండమ్మా. ఎవరో రైతు గూడెంలో మిల్లు ఆడించి అమ్మారట. అయిదు బస్తాలు తెచ్చాం. రూపాయికి రెండు శేర్లు రావండి, ముందే చెబుతున్నాను."

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. బుచ్చిబాబు పేపరు మడిచి, "వాసన చూసి మా అన్నయ్య మీద అభాండం వేస్తావా?" అన్నాడు.

"నేను వెయ్యడం లేదండీ. మీరొక్క మాట అడగండి."

"నేనా? అన్నయ్యనా?" అని బుచ్చిబాబు మళ్ళీ పేపరు విప్పాడు. ఆఫీసులో తహసీల్దారు ముందు ఎలా ఉంటాడో గానీ, అన్నగారి పేరెత్తితే ఇంట్లోనే చేతులు కట్టుకుంటాడు. పోనీ తనే అడుగుదామంటే, బావగారి ఎదుట తలుపు చాటున నిలబడి మాట్లాడే కోడలాయె. సుందరమ్మకి ఒళ్ళు మండిపోయింది. పొయ్యిలో ఊక దట్టించినట్టు ఆ మంటని లోపలికి దట్టించి ఊరుకుంది.

మంగళవారం తాతారావుకి వాయిదా. పక్క చేను ఆసామితో రెండు మూరల గట్టు మీద నాలుగేళ్ళుగా దావా నడుస్తోంది. ప్రతి వాయిదాకీ ఆయన పాసింజరు దిగి, తమ్ముడింట్లో భోంచేసి, కోర్టుకి వెళ్ళి, ఇంకో వాయిదా పుచ్చుకుని వెళ్ళేవాడు. సోమవారం సాయంత్రం సుందరమ్మ గేదె పాల డబ్బు తీసుకెళ్ళి ఆ సన్నాలు రెండు శేర్లు కొంది. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అని తనని తనే తిట్టుకుంటూ ఇంటికి నడిచింది.

మర్నాడు అన్నదమ్ములిద్దరికీ పీటలు వేసి, ఆకులు పరిచి వడ్డించి, తలుపు చాటుకి వెళ్ళింది. తాతారావు పప్పన్నం కలిపి మొదటి ముద్ద మింగాడు. రెండో ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. ఆ ముద్ద వదిలేసి, పక్కన ఉన్న ఉత్త అన్నం నాలుగు మెతుకులు తీసి వాసన చూశాడు. మొహం వెలిగిపోయింది.

"అమ్మాయ్! ఇవి మన సన్నాలు కదూ! ఒరే బుచ్చీ, చూశావా, అమ్మ గింజ! ఎక్కడున్నా పట్టేస్తాను!"

"నిరుటివేమోనండీ బావగారూ," అంది సుందరమ్మ తలుపు వెనక నుంచి.

"నిరుటివా!" తాతారావుకి రోషమొచ్చింది. "నాకా చెబుతున్నావు? మెతుకు మెతుకుని ఎలా పట్టుకుందో చూడమ్మా. పాత బియ్యం పూలు విడినట్టు విడిపోవూ? ఇది ఈ ఏటి పంట. మొన్న పుష్యంలో నా కళ్ళ ముందు నూర్చిన ధాన్యం. నా గింజ నాకు తెలీదా?"

అని, ఇంకో ముద్ద పెట్టుకోబోయి, ఏమన్నాడో అప్పుడు తెలిసింది ఆయనకి.

సుందరమ్మ తలుపు సందులోంచి చూస్తున్నది బావగారిని కాదు, భర్తని. మాట్లాడు, ఒక్కసారి మాట్లాడు మహానుభావా అనుకుంటోంది. బుచ్చిబాబు విస్తట్లో అన్నాన్ని ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిపాడు. మళ్ళీ ఈ పక్కకి జరిపాడు. చివరికి తల ఎత్తకుండానే, "మునిగిపోయిందన్నావు కదన్నయ్యా," అన్నాడు.

పెళ్ళయిన పధ్నాలుగేళ్ళలో ఆయన అన్నగారిని అడిగిన మొదటి ప్రశ్న అది.

సుందరమ్మ పెరుగు గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. "అప్పారావు కొట్లో కొన్నానండీ. రూపాయికి రెండు శేర్లు కూడా రాలేదు. ఇంకొంచెం వడ్డించమంటారా?"

"వద్దమ్మా," అన్నాడు తాతారావు. "అంతా మునగలేదు. మీదికీ నాదికీ కలిపి... వకీలు ఫీజు పెంచాడమ్మా. స్టాంపులు, సాక్షుల బత్తెం. అన్నీ పెరిగాయి. గట్టు గెలిస్తే మీకూ వాటా ఉంటుంది కదా అని..."

"రెండు మూరల గట్టులో మాకొచ్చే వాటా మూరెడండీ," అంది సుందరమ్మ. ఇక ఆపుకోవడం ఆవిడ వల్ల కాలేదు. "దాని మీద కూర్చుని పిల్లలు ఏం తింటారండీ? నాలుగేళ్ళ నుంచి మీరు వాయిదాకొచ్చిన ప్రతిసారీ ఎసట్లో మరో సోలెడు పోశాను. ఒక్కనాడు మొహం ముడుచుకోలేదు. ఈ ఏడు పిల్లలకి ముతకన్నం వండి, మన చేలో బియ్యం మీకు కొని పెట్టాను. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు అంటారు. మేం ముందే ఏడుస్తున్నామండీ." పెరుగు వడ్డించింది. "వేసుకోండి. ఈ పెరుగు కూడా శుక్రవారం దాకానే. అత్తయ్యగారిచ్చిన గేదెని అమ్మేస్తున్నాం."

తాతారావు పాక వైపు చూశాడు. గేదె తీరుబడిగా నెమరు వేస్తోంది. ఆయన విస్తట్లో పెరుగు అలాగే ఉండగా లేచి, చెయ్యి కడుక్కుని, కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పెరుగన్నం తినకుండా ఆయన లేవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

సుందరమ్మకి గెలిచిన సంబరమేమీ కలగలేదు. అన్నం ముందు కూర్చున్న మనిషిని మాటలన్నాననే బాధా, అన్నా లాభముంటుందో లేదో అనే చిరాకూ, కొన్న రెండు శేర్ల ఖరీదూ, మూడూ కలిసి రెండు రోజులు ఆవిడని కాల్చుకు తిన్నాయి. బుచ్చిబాబు మాత్రం తనే ఏదో కోట పడగొట్టినట్టు, "అడిగేశాను చూశావా," అన్నాడు నాలుగుసార్లు.

గురువారం మధ్యాహ్నం గుమ్మంలో ఎడ్లబండి ఆగింది. బస్తాల మీద తాతారావు, పక్కన బండివాడు, వెనకాల కాళ్ళు వేలాడేసి ఇంకో మనిషి.

"అమ్మాయ్, రాజీ పడిపోయాం," అన్నాడు తాతారావు దిగుతూనే, సుందరమ్మ కళ్ళలోకి చూడకుండా. "ఇదిగో, పక్క చేను ఆసామి ఈయనే. కాగితాలు రాసుకోడానికి కలిసే వచ్చాం. గేదెని అమ్మకండి. అమ్మ చేత్తో ఇచ్చింది."

సుందరమ్మ పెద్ద కూతురు నాగమణిని పిలిచి, "వట్లూరు సూర్రావుకి కబురు పెట్టవే, రావద్దని," అంది. కొంగుతో మొహం తుడుచుకుని బస్తాలు లెక్కపెట్టింది. మూడొచ్చాయి, ఇంకా అయిదు రావాలి. బండి మీద నాలుగున్నాయి.

"అయిదోదండీ, బావగారూ?"

తాతారావు కండువా సర్దుకున్నాడు. "రాజీ కాగితాలకి కూడా ఫీజు ఉంటుందటమ్మా. దారిలో వకీలుగారింట్లో దించేశాం." ఆ మాటకి పక్క చేను ఆసామి కూడా సానుభూతిగా తలూపాడు. "అన్నట్టు, నిన్న రాత్రి తిని బయల్దేరాం. మేం ముగ్గురం."

బుచ్చిబాబు అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి, సైకిలు స్టాండైనా వెయ్యకుండా, "భోంచేసి వెళ్ళండి, భోంచేసి వెళ్ళండి," అంటున్నాడు.

ఏమైనా అనాలంటే ఎవరితో మొదలుపెట్టాలో సుందరమ్మకి తెలియలేదు. లోపలికెళ్ళి కొత్త బస్తా మూతి విప్పింది. సన్నాలే. ముగ్గురికి సరిపడా తవ్వతో కొలిచి గిన్నెలో పోసింది. పోశాక, అందులోంచి ఒక పిడికెడు తీసి మళ్ళీ బస్తాలో వేసేసింది.