ఎల్లేశం వెనక్కి తెచ్చిన కాగితాలు

మా దవాఖాన అటెండరు ఎల్లేశం మోకాళ్లు పూర్తిగా చాపలేడు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ చిన్నప్పుడే ఎముకలకు పట్టింది. కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. అయినా ఊళ్లో ఏ ఇంటికి కబురు పంపాలన్నా ఆయనే నడుస్తాడు. నల్లగొండ జిల్లాలో నేను డాక్టరుగా ఉన్న మూడేళ్లలో ఆయన ‘నొస్తాంది’ అనగా వినలేదు.

ఆ వేసవిలో పెద్ద పైపు పగిలి నల్లా నీళ్లు బందయ్యాయి. జనం మళ్లీ పాత బోరు మీద పడ్డారు. ఫ్లోరైడ్ జాగ్రత్తలపై కరపత్రం పంచమని పైనుంచి ఆర్డరు. బయట తొంభై మంది రోగులు. ఓపిక లేక ఫోన్‌లో చాట్‌బాట్‌ను అడిగాను. చక్కటి తెలుగులో రాసిచ్చింది: ఇరవై నిమిషాలు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని. కింద ఒక వైద్య పత్రిక పేరు, సంవత్సరం, పేజీ నంబరు. పేజీ నంబరు కూడా ఉందిగా అని నమ్మేసి, ప్రింట్లు తీసి పంచమని ఎల్లేశం చేతికిచ్చాను. నా చదువంతా ఏ గంగలో కలిసిందో!

మధ్యాహ్నం ఎల్లేశం మిగిలిన కాగితాలతో తిరిగొచ్చాడు.

“మేడం, నలభై ఇండ్లల్ల ఇచ్చినంక ఓ అరుగు మీద కూసోని సదివిన. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు గద. మా అమ్మకు గూడ ఎవరో గిట్లనే చెప్పిండ్రు. రోజు పొద్దుగాల లేసి నాకోసమని మరగబెట్టేది. నీళ్లు ఇంకుతయి గని గా ఇసం ఆడనే ఉంటదని, ఈడ నౌకరికి వచ్చినంకనే నాకు తెల్సింది.”

తల కొట్టేసినట్టయింది. మరిగిస్తే పోదు కదా అని చాట్‌బాట్‌ను మళ్లీ అడిగాను. ‘మీరు చెప్పింది నిజమే, క్షమించండి’ అంది వెంటనే. అది చెప్పిన వ్యాసం కోసం వెతికితే, ఆ పేజీలో వేరే రోగం గురించి ఉంది. ఎల్లేశానికి ఫోన్ చూపించాను.

“ఎంత జల్ది మాఫీ అడిగింది,” అన్నాడు. “మా అమ్మ నా కాళ్లు జూసి, నేనే చేసిన అని ఏడ్సుకుంటనే పోయింది.”

నేనొక్కదాన్నే వెళ్తానంటే వినలేదు. ఏ ఇళ్లో ఆయనకే తెలుసు. ఆ ఎండలో ఇల్లిల్లూ తిరిగి, దవాఖాన ఫిల్టరు నీళ్లు పట్టుకెళ్లమని చెబుతూ కాగితాలు వెనక్కి తీసుకున్నాం. ప్రతి గడప దగ్గరా ఆయన గోడ పట్టుకునే ఎక్కాడు.

చివరింట్లో నిరోష, ఏడాది పిల్ల తల్లి, పొయ్యి మీది గిన్నె చూపించింది. “మీరు చెప్పినట్లే మరగబెడ్తున్న మేడం. పొద్దటి సంది బిడ్డకు గివే తాపిస్తున్న,” అంది సంబరంగా.

ఎల్లేశం వంగి స్టవ్ ఆపాడు.

“నీ తప్పేం లేదు బిడ్డా,” అన్నాడు. “గా కాయితమే తప్పు.”

“కాగితం కాదమ్మా,” అన్నాను. “నేను.”