పేరు ఒక్కటే చెప్పలేదు

కాలేజీలో దివ్యాంగ విద్యార్థుల సహాయ కేంద్రం నాకు అప్పగించినప్పుడు దాన్ని దేవుడిచ్చిన పరిచర్య అనుకున్నాను. భద్రాచలంలో మా కేంద్రమంటే ఒక టేబుల్, తాళం వేసే ఒక బీరువా. పరీక్షలో అదనపు సమయం కావలసిన పిల్లలు తమ దవాఖానా కాగితాలు తెచ్చి నాకిస్తే అందులో దాచేదాన్ని.

డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకొచ్చింది. ఫిట్స్. అదుపులోనే ఉన్నాయి గాని, మందుల మత్తుకు మెల్లగా రాస్తుంది.

"ఎవ్వరికి చెప్పకుండ్రి మేడం. తెలిస్తే నా పక్కన ఎవ్వలు పండుకోరు. హాస్టల్ పోతే చదువు బంద్."

"దేవుడికి తప్ప ఎవరికీ చెప్పను బిడ్డా" అన్నాను.

ఆ ఆదివారం స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు అడిగారు. ఒకామె ఆపరేషన్, ఇంకొకామె కొడుకు తాగుడు, మా సంఘంలో అన్నీ లేచి నిలబడి చెప్పుకుంటాం. ఒకరి భారం అందరం మోస్తాం. నా వంతు రాగానే లేచాను. దుమ్ముగూడెం దిక్కు నుంచి వచ్చి మా హాస్టల్లో ఉంటున్న ఒక బిడ్డకు ఫిట్స్ అని, స్వస్థత కోసం ప్రార్థించమని కన్నీళ్లతో చెప్పాను. పేరు చెప్పలేదు కదా అని నిశ్చింతగా కూర్చున్నాను. తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించాలని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పేది నేనే.

హాస్టల్ వంటామె కూడా ఆ కూడికలో ఉంది. ఆ దిక్కు నుంచి హాస్టల్లో ఉన్నది ఈ పిల్ల ఒక్కతే. మరునాడు పొద్దున ఉప్మా వడ్డిస్తూ వంటామె అందరి ముందూ ఇనుప తాళంచెవుల గుత్తి ఆ అమ్మాయి చేతిలో పెట్టిందట.

"చున్నీకి కట్టుకో బిడ్డా. ఫిట్స్ వస్తే గట్టిగ పట్టుకో, జల్దీ తగ్గుతది. మేమంత ప్రార్థన చేస్తున్నం."

"ఏందే, గిన్ని దినాలు చెప్పకుంటనే మా పక్కన పండుకున్నవా?" అందట అదే గదిలో ఉండే పిల్ల. సాయంత్రానికి రెండు మంచాలు వేరే గదికి వెళ్లిపోయాయి.

మూడో రోజు ఆ అమ్మాయి వచ్చి ఆ గుత్తి నా టేబుల్ మీద పెట్టింది.

"నేను పేరు చెప్పలేదమ్మా."

"అవ్ మేడం. పేరు ఒక్కటే చెప్పలే."

"ప్రార్థన కోసమే..."

"మీ దేవునికి నా ఊరు తెల్వదా మేడం?"

తన కాగితం తిరిగి అడిగింది. ఇచ్చాను. హాస్టల్ ఖాళీ చేసి రోజూ బస్సులో వచ్చింది. అదనపు సమయం లేకుండానే పరీక్షలు రాసింది. రెండు పేపర్లు పోయాయి. మరుసటి ఏడాది రాలేదు.

సంఘంలో నా తప్పు ఒప్పుకోవాలని ఎన్నో ఆదివారాలు అనిపించింది. ఒప్పుకోవాలంటే మళ్లీ ఆమె సంగతే చెప్పాలి. సగం లేచి కూర్చుండిపోయేదాన్ని. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ఏ పిల్ల కోసమైనా ఇంట్లో తలుపు వేసుకునే మోకరించాను. దానివల్ల ఆ అమ్మాయికి ఒరిగింది ఏమీ లేదు.

పోయిన నెల ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేస్తూ కనిపించింది. డిగ్రీ సంగతి అడిగే ధైర్యం లేకపోయింది. జరిగినదాన్ని రాయవచ్చా అని మాత్రం అడిగాను. ఆమె కాగితాలు సర్దుతూనే ఉంది.

"ఊరు మార్చి రాయుండ్రి" అంది, నా వైపు చూడకుండానే. "ఈసారన్నా అడిగిండ్రు."

ఊరు మార్చాను. ఆమె పనిచేసేది జిరాక్స్ దుకాణంలోనూ కాదు.