కౌన్సిలరమ్మ అత్తగారు

రొట్టెలత్తకి పార్టీ అంటే ప్రాణం అని ఊరంతా అంటుంది గాని ఆ మాట ఆవిడ ఒప్పుకోదు. "ప్రాణం పోతే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటారు. పార్టీ అంటే పొయ్యి. అది ఆరిపోతే ఇంటిల్లిపాదీ పస్తే" అంటుంది. బజారు మలుపులో బేకరీ ఆవిడది. వరసైనవాళ్ళూ కానివాళ్ళూ అందరూ ఆవిడని రొట్టెలత్త అనే పిలుస్తారు. పార్టీ మీటింగు ఎక్కడ జరిగినా ముందుగా వచ్చి జంపఖానాలు పరిచేది ఆవిడే, అందరూ వెళ్ళాక దులిపి మడత పెట్టేదీ ఆవిడే. మధ్యలో వేదిక మీద కూర్చునేది మాత్రం వేరేవాళ్ళు. అందుకు ఆవిడకేం చింత లేదు. ఉందని ఎవరైనా నోరు జారితే మర్నాడు వాళ్ళ సంచీలోకి పాచిపోయిన బన్ను చేరుతుంది.

అంత అభిమానం ఊరికే పుట్టలేదు. మొగుడు పోయి, చంకన పిల్లాడితో ఒంటిచేత్తో బేకరీ నడుపుతున్న రోజుల్లో పొయ్యిగది అంటుకుంది. పిండి బస్తాలు, చెక్కబల్లలు, పైకప్పు అన్నీ బూడిదయ్యాయి. చుట్టాలు వచ్చి అయ్యో పాపం అని వచ్చిన దారినే వెళ్ళారు. పార్టీ కుర్రాళ్ళు వచ్చి, ఏమీ అనకుండా చొక్కాలు విప్పి ఇటుకలు మోశారు. వాళ్ళలో ఒకడికి మూతి మీద మీసం కూడా సరిగ్గా రాలేదు. వాడు నెత్తిన ఇసుక తట్టలు మోసి, కూలి ఇవ్వబోతే "తమ్ముడికి కూలేంటక్కా" అని కోప్పడి వెళ్ళిపోయాడు. ఆ తమ్ముడే ఇప్పుడు మునిసిపాలిటీ ఛైర్మన్.

వార్డు సీటు ఆడవాళ్ళకి కేటాయించినప్పుడు ఛైర్మన్ నేరుగా బేకరీకే వచ్చాడు. "నువ్వు నిలబడు అక్కా" అన్నాడు.

"నాకు పెన్ను చూస్తేనే చెమటలు పడతాయి తమ్ముడూ. నా కోడల్ని నిలబెట్టు. చదువుకుంది, నోట్లో నాలుక లేదు, చెప్పినట్టు వింటుంది" అంది రొట్టెలత్త.

ఆ మూడింట్లో చదువొక్కటే నిజమని తర్వాత తేలింది. కోడలు తక్కువ మాట్లాడే మాట వాస్తవమే. తెల్లవారుజామునే లేచి, చేతులు మోచేతుల దాకా పిండిలో ముంచి, ముద్ద సాగేదాకా పిసుకుతూ ఉంటే నోరు తెరిచే తీరిక ఎవరికుంటుంది? దాన్ని చూసి అత్తగారు భయం అనుకుంది.

కోడలు గెలిచింది. ఊరేగింపులో రొట్టెలత్త గొంతు పోయేదాకా నినాదాలిచ్చింది. ఆ గొంతు ఇంకా తిరిగి రాకముందే మొదటి దెబ్బ పడింది.

"అత్తయ్యా, రేపట్నుంచి కౌన్సిల్ ఆఫీసుకి మన బన్నులు పంపొద్దు" అంది కోడలు.

"ఏం, చెడిపోయాయా?"

"లేదు. అమ్మేదీ మనమే, కొనేవాళ్ళలో కూర్చునేదీ నేనే. బాగుండదు."

"లోకంలో ఎవరు గెలిచినా బేరం పెరుగుతుంది. మన కొంపలో గెలిచి ఉన్న బేరం ఊడగొట్టావు కదే!" అని రొట్టెలత్త బొంగురు గొంతుతోనే ఒంటికాలి మీద లేచింది. పొయ్యిలోకి ట్రే నెడుతున్న కొడుకు, "ఏరికోరి తెచ్చుకున్నది నువ్వే కదమ్మా" అని, చేతికందేంత దూరంలో ఉండకుండా జాగ్రత్తగా పక్కకి తప్పుకున్నాడు.

తర్వాత పళ్ళ బుట్ట వచ్చింది. రోడ్లు వేసే కాంట్రాక్టరు పంపాడు. కోడలు ఇంట్లో లేనప్పుడు వెనక గుమ్మంలోంచి వచ్చింది కాబట్టి రొట్టెలత్త ఒక బత్తాయి ఒలుచుకుని తినేసింది కూడా. కోడలు వచ్చి తొక్క చూసింది. బజారుకి వెళ్ళి, తన డబ్బుతో ఒక బత్తాయి కొని, ఆ ఖాళీలో పెట్టి మరీ బుట్టని తిప్పి పంపేసింది. రొట్టెలత్తకి తల తీసేసినట్టయింది. మర్నాడు కౌంటరు దగ్గర వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పుకుంది. "చూడండమ్మా నా ఖర్మ! తిన్న పండుక్కూడా లెక్క సరిచేసి పంపిందండీ" అని. అడిగినవాళ్ళకీ చెప్పింది, అడగనివాళ్ళకీ చెప్పింది. వారం తిరిగేసరికి అదే కథ గొంతు పెంచి, మధ్యమధ్య ఆగి, ఎదుటివాళ్ళ మొహంలోకి చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఫిర్యాదు ఎక్కడ ఆగిందో, గొప్ప ఎక్కడ మొదలైందో ఆవిడకే తెలీదు.

అసలు చిక్కు బస్టాండు పక్క స్నానాలగదుల దగ్గర వచ్చింది. కూరగాయల లోడుతో వచ్చి మార్కెట్లోనే పడుకునే ఆడవాళ్ళకి, బస్సు దిగిన ఆడవాళ్ళకి, చీపుర్లు పట్టి బజారు ఊడ్చేవాళ్ళకి ఆ గదులే దిక్కు. తలుపుల గడియలు సరిగ్గా పడవు. అయినా గోడలున్నాయి, నీళ్ళున్నాయి. వాటిని పడగొట్టి ఆ స్థలం ఛైర్మన్ బావమరిదికి దుకాణాలు కట్టుకోవడానికి ఇవ్వాలని తీర్మానం తయారైంది. కొత్త గదులు తర్వాత ఎక్కడైనా కడతారట. ఎక్కడో రాయలేదు, ఎప్పుడో రాయలేదు. పార్టీ సభ్యులందరూ అనుకూలంగా చెయ్యెత్తాలని విప్ జారీ అయింది. అంటే ఎత్తనివాళ్ళ పదవి ఊడుతుంది.

కోడలు ఎత్తనని పార్టీ ఆఫీసులోనే చెప్పి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం పొయ్యి చల్లబడుతున్న వేళ ఛైర్మన్ వచ్చాడు. కారు మలుపు అవతలే వదిలేసి నడిచి వచ్చాడు. డబ్బు మాట ఎత్తలేదు. ఆ ఇంటి సంగతి అతనికి బాగా తెలుసు. పిండి బస్తా మీద చనువుగా కూర్చుని, పైకప్పు వంక చూశాడు.

"ఈ దూలం నేనూ, చనిపోయిన మన సెక్రటరీ కలిసి ఎక్కించాం, గుర్తుందా అక్కా?"

"ఎందుకు గుర్తుండదు తమ్ముడూ."

"నేనెప్పుడైనా నిన్ను ఏదైనా అడిగానా?"

"లేదు."

"ఒక్క చెయ్యి అక్కా. అంతే. పార్టీ పరువు నీ కోడలి చేతిలో ఉంది. నువ్వు చెప్తే వింటుంది. ఆ రోజు నువ్వు కూడా కౌన్సిల్‌కి రా. నువ్వు ఎదురుగా ఉంటే చాలు."

"చెప్తాలే" అంది రొట్టెలత్త. ఇంకేమంటుంది? ఇసుక మోసిన ఆ కుర్రాడు నిజంగా మంచివాడే. ఎప్పుడు మారాడో ఆవిడకి తెలీదు. రొట్టెకి బూజు పట్టడం ఎవరు చూస్తారు? చూసేసరికి పట్టి ఉంటుంది.

సాయంత్రం ట్రేలు తోముతూ కోడలి దగ్గర మాట కదిపింది. పార్టీ లేకపోతే ఈ పొయ్యి లేదంది. ఈ ఇల్లు లేదంది. నీ మొగుడు చదువుకునేవాడు కాదంది. మేలు మరిచిపోయినవాళ్ళం అనిపించుకుని రేపు నేను నలుగురికీ మొహం ఎలా చూపించాలంది. కోడలు అడ్డు రాకుండా అంతా విన్నది.

"మీరన్నది నిజమే అత్తయ్యా. ఆయన మనకి మేలు చేశారు. రోజూ ఆయనింటికి రొట్టెలు పంపండి, నేనే మోసుకెళ్ళి ఇస్తాను. ఆయన ఇంటికి నిప్పంటుకుంటే ఇసుక నేనూ మోస్తాను."

"మరి?"

"అవన్నీ మనవి. ఆ స్నానాలగదులు మనవి కాదు కదా. మన రుణం మార్కెట్ ఆడవాళ్ళ చేత ఎలా తీర్పిస్తాం?"

రొట్టెలత్త ట్రే గట్టిగా తోమింది. ఓడిపోయానని ఒప్పుకునే అలవాటు ఆవిడకి లేదు. "ఎత్తితే నీ చెయ్యేం అరిగిపోదు" అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

సమావేశం రోజున ఉతికిన చీర కట్టుకుని వెళ్ళింది. ఎప్పుడూ లేనిది, అటెండరు గేటు దగ్గరే ఎదురొచ్చి, పై గ్యాలరీలో ముందు వరసలో మెత్తటి కుర్చీ చూపించాడు. సరిగ్గా కోడలి బల్లకి ఎదురుగా ఉంది అది. తనని అక్కడెందుకు కూర్చోబెట్టారో ఆవిడకి తెలుసు. అయినా ఆ మెత్తటి కుర్చీ బాగానే ఉంది, అబద్ధమెందుకు?

కోడలు లేచి నాలుగు ముక్కలు మాట్లాడింది. "చెయ్యెత్తేముందు అందరూ ఒక్క పొద్దుటిపూట అక్కడికి వెళ్ళి వరసలో నిలబడి రండి. మగవాళ్ళని రానివ్వరు కాబట్టి మీ ఇంట్లో ఆడవాళ్ళని పంపండి. వాళ్ళు పడగొట్టమంటే నేనూ ఎత్తుతాను" అంది. ఒకరిద్దరు నవ్వబోయి, ఛైర్మన్ మొహం చూసి దగ్గారు.

"తీర్మానానికి అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు ఛైర్మన్.

ఆ గొంతు ఎన్నేళ్ళుగా వింటోందో రొట్టెలత్త! సమ్మె చేద్దామా అంటే ఎత్తింది, చందా వేద్దామా అంటే ఎత్తింది, ఎవరినో పార్టీలోంచి తీసేద్దామా అంటే సగం విని ఎత్తింది. ఇప్పుడూ చెయ్యి దానంతటదే లేచిపోయింది. పక్కనున్నవాళ్ళు కిసుక్కుమంటే గాని ఆవిడ చూసుకోలేదు.

ఛైర్మన్ చూశాడు. అతని మొహం విప్పారింది. "చూడమ్మా, పైన మీ అత్తగారే ఎత్తారు. పెద్దావిడ మాట కాదంటావా?"

హాలంతా పైకి చూసింది. కోడలూ చూసింది. ఆ చూపులో కోపం ఉంటే రొట్టెలత్త తట్టుకునేది. కోపం లేదు. బల్ల మీద పెట్టిన కోడలి చేతి వేళ్ళు కదిలాయి. చూస్తూ ఉండగానే అరచెయ్యి బల్ల మీంచి కొంచెం పైకి లేచింది. ఎవరికీ లొంగని పిల్ల తన కోసం లొంగబోతోందని రొట్టెలత్తకి అర్థమైంది. వద్దే, ఎత్తకే అని లోపల్నుంచి ఒక కేక పుట్టింది. తనకేం కావాలో ఆవిడకి అప్పటిదాకా తెలీదు.

చెయ్యి దించి లేచి నిలబడింది.

"తమ్ముడూ! నా చెయ్యి అలవాటుకొద్దీ లేచింది. దాన్ని చూపించి నా కోడల్ని అడక్కు. దాని చెయ్యి ఆలోచించి లేస్తుంది!"

"గ్యాలరీలో మాట్లాడకూడదు" అన్నాడు ఛైర్మన్. అటెండరు పరుగెత్తుకొచ్చాడు.

"పోతానయ్యా, నేనే పోతాను. ఆ రెండోది కూడా అడగనీ, చూసి పోతాను."

ఛైర్మన్ కాగితంలోకి చూస్తూ, "వ్యతిరేకమైనవాళ్ళు?" అన్నాడు.

అంత హాల్లో ఒక్క చెయ్యి లేచింది. సగంలో ఆగలేదు, తిన్నగా పైకి లేచింది. వేడి ట్రే అంచు తగిలి కాలిన మచ్చ మణికట్టు మీద పైనుంచి కూడా కనిపించింది. రొట్టెలత్తకి కళ్ళు నిండిపోయాయి. జీవితంలో ఎన్నో ఊరేగింపులు చూసింది, ఎందరు నాయకుల మెడలోనో దండలు వేసింది. ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు. అటెండరు తన చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతుంటే "ఆ పిల్ల నా కోడలు" అని అతనికే చెప్పింది. అతను "తెలుసండీ" అన్నా మళ్ళీ చెప్పింది.

తీర్మానం నెగ్గింది. నెగ్గదని ఎవరూ అనుకోలేదు.

ఇంటికి నడుస్తుంటే కోడలు, "పదవి పోతుంది అత్తయ్యా" అంది.

"పోనీ. తెల్లారగట్ల పిండి కలపడానికి మనిషి దొరక్క చస్తున్నాం" అంది అత్తగారు. ఇద్దరూ రోడ్డు మధ్యలో ఆగి మరీ నవ్వారు.

పదవి పోయింది. స్నానాలగదులు మాత్రం ఇంకా పోలేదు. పడగొట్టడానికి మనుషులు వచ్చినప్పుడల్లా లోపల ఆడవాళ్ళు స్నానం చేస్తూనే ఉన్నారు. ఒకరు బయటికొస్తే ఇద్దరు లోపలికి వెళ్ళారు. గునపాలు పట్టుకుని ఎంతసేపని నిలబడతారు? సంగతి కోర్టుకెళ్ళింది, తేలేదాకా ఆగమన్నారు. రేపు ఏమవుతుందో చెప్పలేం.

పార్టీ ఆఫీసు నుంచి రొట్టెలత్తకి ఇక మీటింగులకి రావద్దని కబురొచ్చింది. "పార్టీని నేను వదల్లేదు, తప్పిపోయింది వాళ్ళు. దారి దొరికితే వాళ్ళే వస్తారు" అని కబురు తెచ్చినవాడికి టీ ఇచ్చి పంపించింది. ఆ సాయంత్రం అలవాటుకొద్దీ మీటింగు వేళకి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. బాధ ఉండదా మరి, జీవితమంతా అక్కడే గడిచె.

మొన్న ఒక ముసలావిడ చెప్పులు చేత్తో పట్టుకుని, మురుగునీళ్ళలో తడిసిన కాళ్ళతో బేకరీ మెట్లెక్కింది. "బాబూ, కౌన్సిలరమ్మ ఇల్లు ఇదేనా? మా వీధి కాలవ పొంగుతోంది" అంది.

కౌంటరు దగ్గరున్న కొడుకు ఇబ్బందిపడ్డాడు. "ఇప్పుడు కౌన్సిలర్ కాదమ్మా, పదవి పోయింది. కొత్తవాళ్ళ దగ్గరికి..."

"ఒరే, నువ్వుండు!" అంటూ లోపల్నుంచి రొట్టెలత్త వచ్చింది. బల్ల దగ్గరికి లాగి ముసలావిడని కూర్చోబెట్టింది. "పోయింది కుర్చీ. కౌన్సిలరమ్మ లోపల పిండి కలుపుతోంది, చేతులు కడుక్కుని వస్తుంది. ఏ వీధమ్మా మీది?"